మగ్గం తాగే నీళ్లు

2022 ఫిబ్రవరి. ధర్మవరం నుంచి పడమరగా పోయి, తారు రోడ్డు వదిలి మట్టిదారిలో రెండు మైళ్లు లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. ఊరి పేరు రాయను. ఈ కథలో తప్పు చేసింది నేను గనక, నాతో బాటు ఆ ఊరి పేరు కూడా జనం నోళ్లలో నానడం నాకిష్టం లేదు. చుట్టూ వేరుశనగ పీకేసిన చేలు, గుండ్లు పేర్చినట్టుండే గుట్టలు. మా వైపు శివరాత్రి రాకముందే ఎండ ముదురుతుంది.

నాకు అనంతపురంలో చిన్న ఆఫీసు ఉంది. పాత ఇళ్లు చూసి ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో, ఏది ఎలా బాగుచేయాలో చెప్పడం నా పని. దీన్ని మేము స్ట్రక్చరల్ అసెస్‌మెంట్ అంటాం. మామూలు మాటల్లో చెప్పాలంటే ఇంటికి నాడి పట్టి చూడటం. అప్పటికి ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. నాకు నోరు కాస్త ఎక్కువ, ఓపిక కాస్త తక్కువ. మేస్త్రీల మధ్య ఆడది నెగ్గుకురావాలంటే అలా ఉండక తప్పదని మొదట్లో తెచ్చిపెట్టుకున్నాను. తర్వాత అదే నా గుణమైపోయింది.

గంగాధర్ అనే నేతగాడు ఫోన్ చేశాడు. "మేడమ్, మా మగ్గాల సాలలో దూలం కిందికి దిగతాండాది. మా నాయన ఏం కాదంటాడు, నాకు బయమైతాండాది. ఒకసారి చూసేకి వస్తారా?" అన్నాడు. మరునాడే పోయాను.

గంగాధర్ నాయన ఓబులేసప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, నడుము కొద్దిగా వంగి. ముందు నన్ను కాదు, నా తలను చూశాడు. "తలకాయ పదిలం తల్లీ" అంటూనే ఉన్నాడు, నేను ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నాను. ఆయన నవ్వు ఆపుకోలేదు. "మా ఇంట్లోకి వచ్చినోళ్లు ఎవురైనా ఒకసారి వంగి మొక్కల్ల. కలెక్టరు వచ్చినా అంతే" అన్నాడు. నుదురు రుద్దుకుంటూనే నేనూ నవ్వాను. మనిషి నాకు అప్పుడే నచ్చాడు.

ముందు అరుగు, తర్వాత పడసాల, దాని పక్కన వంటిల్లు. పడసాల వెనక రెండు మెట్లు దిగితే మగ్గాల సాల. పొడవాటి గది, మూడు గుంత మగ్గాలు. గుంత మగ్గమంటే తెలియనివాళ్లకు: నేలలో నడుము లోతు గుంత తీసి, నేసే మనిషి నేల అంచున కూర్చుని కాళ్లు గుంతలో పెట్టి చెక్కలు తొక్కుతారు. పట్టుపోగులు ఒడి ముందు నుంచి గది చివరిదాకా పరుచుకుని ఉంటాయి. నిలువుగా సాగే ఆ పోగులను పడుగు అంటారు. గదికి కిటికీ ఒక్కటీ లేదు. మిద్దెలో మాత్రం మూడు గవాక్షులు, అంటే వెలుతురు కోసం కప్పులో వదిలిన చిన్న కంతలు, ఒక్కో మగ్గానికి ఒక్కోటి. వెలుగు సరిగ్గా నేసే చేతుల మీద పడుతుంది.

ఇల్లంతా రాయి, మట్టి. కప్పు మట్టిమిద్దె: వేపదూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్నకట్టెలు, దంతెల మీద బోదగడ్డి, దానిమీద మట్టి, అన్నిటికంటే పైన చౌడు. చౌడంటే ఉప్పు నేలల్లో దొరికే తెల్లటి మన్ను. వాన పడితే బిగుసుకుని నీళ్లు దిగనివ్వదు. ఏటా తొలకరికి ముందు కొత్త చౌడు వేసుకోవాలి. ఆ ఇంట్లో ఒక్క ఏడూ తప్పలేదన్నారు.

గోడలు తట్టి చూస్తూ పోతుంటే పడసాలకూ మగ్గాల సాలకూ మధ్య మూలలో నాకొక సంగతి కనబడింది. రెండు గోడలు కలిసేచోట రాళ్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని లేవు, నిలువునా ఒకే గీతగా ఉంది. దీన్ని స్ట్రెయిట్ జాయింట్ అంటాం. రెండు గోడలూ వేర్వేరు కాలాల్లో కట్టినవని దానర్థం. మామూలుగా ముందు ఇల్లు కట్టుకుని తర్వాత వెనక పనిగది వేసుకుంటారు. ఇక్కడ పడసాల గోడే వచ్చి సాల గోడకు ఆనుకుంది. అంటే సాల ముందు, ఇల్లు తర్వాత.

ఓబులేసప్పను అడిగాను. ఆయన కళ్లు పెద్దవి చేశాడు. "రాళ్లు చెప్పినాయా నీకు? నిజమే తల్లీ. మా తాత కన్నడసీమ నుంచి మగ్గం కట్టెలు బండికి ఏసుకోని వచ్చినాడంట. మొదలు మగ్గానికి ఇల్లు కట్టినాడు. ఆయప్ప, మా అవ్వ ఆరేండ్లు మగ్గం పక్కనే పండుకున్న్యారు. మా నాయన పుట్టినంక గదా ఈ పడసాల ఏసింది!"

ఎన్నో ఇళ్లు చూశాను గానీ, ముందు పనిముట్టుకు ఇల్లు కట్టి, మనుషులకు తర్వాత కట్టుకున్నది చూడటం నాకదే మొదటిసారి. నాకు ఆ ఇంటి మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టింది కాబట్టే దాన్ని బాగుచేసి తీరాలనుకున్నాను. నేను చేసిన అనర్థానికంతా మూలం అక్కడే ఉంది.

దూలం సంగతి గంగాధర్ చెప్పిందంతా నిజం. గోడలో కూర్చున్న కొనను చెదలు తినేశాయి. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. ఇంకో వానాకాలం దాటదని చెప్పి, ఆ రోజే ప్రాపింగ్ చేయించాను. ప్రాపింగంటే కూలబోయే కప్పుకు తాత్కాలికంగా ఊతాలు పెట్టడం. తర్వాత చెడిన దూలం తీసి ఇనుప దూలం వేశాము. ఆ పని బాగా చేశాను. ఇప్పటికీ దాని గురించి గర్వంగానే చెప్పుకుంటాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

సాల గోడలు మోకాలెత్తు దాకా తడితో నల్లబడి ఉన్నాయి. నేల మట్టిది, చల్లగా, అరచేతికి తేమ తగులుతోంది. ప్రతి గుంత పక్కనా నేలలో ఒక కుండ, మూతి దాకా పూడ్చి, పైన పలకరాయి మూత పెట్టి ఉంది. మూత ఎత్తి చూస్తే లోపల నీళ్లు. ఎర్రకుండ కదా, నీళ్లు చుట్టూ మట్టిలోకి ఊరుతున్నాయి. నాకు దొంగ దొరికాడనిపించింది. తడి ఉన్నచోటికి చెదలు వస్తాయి, అది ఎవరినడిగినా చెబుతారు.

"నాయనా, ఈ కుండలు తీసేయల్ల. నేలకు కాంక్రీటు పోస్తాను. గుంతలకు ఇటుక కట్టి సిమెంటు పూస్తాను. గోడలకూ నడుమెత్తు దాకా సిమెంటు. మళ్లీ చెద మొగం చూడవు నువ్వు" అన్నాను.

ఓబులేసప్ప కొంచెంసేపు కుండల వైపే చూశాడు. "ఆ కుండలు ఉండనీ తల్లీ" అన్నాడు మెల్లగా.

"వాటి వల్లే గదా నాయనా గోడ తడిసేది!"

ఆయన ఏదో అనబోయి ఆగాడు. "సరేలే. సదువుకున్నదానివి, నీకు తెల్సు" అన్నాడు. ఆ మాటను నేను ఒప్పుకోలు కింద జమ చేసుకున్నాను. నేను చెప్పిందే రైటని ఎదుటివాళ్లు అన్నప్పుడు నాకు చెవులు బాగా వినబడతాయి.

పని చేసింది మస్తాన్ మేస్త్రి. నాతో పదేళ్లుగా ఉన్నాడు, నన్ను ఎదిరించే ధైర్యం ఉన్న ఒకే ఒక్క మనిషి. మిద్దె మీద చౌడు తీసేసి సిమెంటు పూద్దామని కూడా అన్నాను. "ఆ ఒక్కటీ అడగొద్దు మేడమ్. మట్టిమిద్దె మీద సిమెంటు ఏస్తే పగుల్తాది. మీ మాట ఇని పగలగొట్టేది నేను, తిట్లు తినేది నేను" అని ససేమిరా అన్నాడు. పోనీలే అని వదిలేశాను. ఇప్పుడు ఆయన చేతులకు మొక్కాలనిపిస్తుంది.

నెల తిరిగేసరికి సాల అద్దంలా తయారైంది. నేను ఫోటోలు తీసుకున్నాను. గంగాధర్ భార్య లక్ష్మీదేవి మూడో మగ్గం నేస్తుంది. ముప్పై ఐదేళ్లుంటాయి, పని తెలిసిన చేయి. ఆమె కొత్త నేల మీద నిలబడి, "అక్కా, కుండల్లేవు గదా, ఇంగ మగ్గానికి నీళ్లు యాడ పోయల్ల?" అని అడిగింది.

"మగ్గానికి నీళ్లేంటి లక్ష్మీ, అదేమన్నా చెట్టా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఏప్రిల్ మూడో వారంలో ఆమె నుంచే ఫోన్ వచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "అక్కా, మామకు తెలిస్తే కోప్పడ్తాడు. నేను కొట్టం ఎనకనుంచి మాట్లాడ్తాండా. మీరు ఒక్కసారి వచ్చి చూసిపోండి. పోగులు తెగతాండాయి."

"పోగులు తెగితే నేనేం చేయగలను లక్ష్మీ? నేను గోడలు చూసేదాన్ని."

"గోడలే చూసి పోండి అక్కా" అంది. వెంటనే బయల్దేరాను.

పోయేసరికి మధ్యాహ్నం అయింది. మూడు మగ్గాల్లో రెండు ఆగిపోయి ఉన్నాయి. గంగాధర్ ఊళ్లో లేడు, ధర్మవరం పోయి ఏదైనా పని దొరుకుతుందేమో చూస్తున్నాడని చెప్పారు. లక్ష్మీదేవి ఒక్కతే నేస్తోంది. గుంతలోకి చూస్తే అడుగున చీలమండల దాకా నీళ్లు, ఆ నీళ్లలో ఆమె పాదాలు. తెల్లగా నాని, వేళ్ల సందుల్లో పగిలి ఉన్నాయి. ఎప్పుడూ తడిలో ఉండి తొక్కుడు చెక్కలు కూడా వంకర పోయాయి.

"ఏం పని ఇది? నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఎవరన్నా నేస్తారా?" అని గట్టిగానే అరిచాను.

ఆమెకు కోపం రాలేదు. లేచి పక్కకు జరిగింది. "ఈడ కూసోని చూడక్కా" అంది.

కూర్చున్నాను. గుంతలో కాళ్లు పెట్టాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. సిమెంటు గోడల నుంచి మోకాళ్లకు వేడి కొడుతోంది. ముందున్న పట్టుపోగుల మీద చేయి పెడితే అవి నా చేతి వెంట్రుకలను అంటుకుని లేచాయి. ఆమె నా భుజం మీదుగా వంగి, అడ్డపోగును మోసే నాడెను అటు విసిరింది, ఇటు విసిరింది. మూడోసారికి టిక్కుమని చిన్న శబ్దం. ఒక పోగు తెగింది. ఆమె దాన్ని వెతికి పట్టుకుని అతికింది. మళ్లీ నాడె. మళ్లీ టిక్కు.

"దినమంతా ఇదే అక్కా. నేసేది జానెడు, అతికేది బారెడు. నేల మీద నీళ్లు జల్లితే చూస్తాండంగానే ఆరిపోతాండాది. గోనెలు తడిపి కప్పితిమి. అదీ నిలవలేదు. అందుకే గుంతలో పోసుకుంటి."

"ముందెప్పుడూ ఇలా కాలేదా?"

"కుండలు ఉన్నప్పుడు గుంతలోంచి సల్లగా ఆవిరి మాద్రి వస్తాండె. పట్టు మెత్తగా సాగుతాండె. నేను పెండ్లయి వచ్చిన మొదటి దినమే మా అత్త సెప్పింది, 'పొద్దున తోడిన తొలి బిందె మగ్గానిది. మగ్గం తాగినంకనే మనుషులు తాగల్ల' అని. పదహైదేండ్లు నేను మొగం కడుక్కోకముందే మూడు కుండలకూ నీళ్లు పోసినా."

ఆ గుంతలో కూర్చునే ఫోన్ తీసి నేను రాసిన రిపోర్టు చదువుకున్నాను. సాలలో లోపాలు అని ఆరు రాశాను. నేల రెండు మెట్లు కిందికి ఉంది. కిటికీలు లేవు. ద్వారం పొట్టిది. నేల మట్టిది. గోడలకు తేమ పడుతోంది. నేలలో పనికిరాని కుండలు పూడ్చి ఉన్నాయి.

ఒక్కొక్కటీ మళ్లీ చదివాను. నేల దించింది భూమి చల్లదనం అందడానికి. కిటికీలు పెట్టనిది వడగాలి లోపలికి రాకుండా. వెలుతురు మాత్రం కావాలి కాబట్టి గవాక్షులు. పొట్టి ద్వారం చల్లగాలి బయటికి పోకుండా. కుండలు నీళ్లిస్తే మట్టినేల తాగింది, మట్టిగోడ ఆ తేమను పగలంతా మెల్లగా గదిలోకి వదిలింది. మా జిల్లా గాలికి నోట్లో తడి కూడా నిలవదు. అలాంటి చోట పట్టు నేయడానికి కన్నడసీమ నుంచి వచ్చిన ఒక చదువురాని మనిషి ఈ గది కట్టుకున్నాడు. గది మొత్తం ఒక పనిముట్టు. దాన్ని నేను, పట్టా పుచ్చుకున్న ఇంజనీరును, లోపాల జాబితాగా చదివాను. 

ఓబులేసప్ప ఎప్పుడు వచ్చాడో, మెట్ల మీద నిలబడి ఉన్నాడు. కోడలి వైపు ఒక చూపు చూసి, "పిలిస్తివా? వద్దంటి గదమ్మా, ఆ తల్లి బాధపడ్తాదని" అన్నాడు.

గుంతలోనే ఉండి అడిగాను. "కుండలు ఎందుకో ఆ రోజే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"సెప్తి గదా తల్లీ. ఉండనీ అంటి."

నిజంగా చెప్పాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. వాళ్ల ముందు ఏడవడం ఇష్టం లేక నీళ్లలోంచి కాళ్లు తీసుకుంటూ తల వంచుకున్నాను.

అసలు ముప్పు అప్పుడు చెప్పారు. లక్ష్మీదేవి మగ్గం మీద ఉన్నది పెండ్లికూతురు చీర. పట్టు ధర్మవరం షావుకారుది. ఆయన పడుగు ఇస్తాడు, వీళ్లు నేసిస్తారు, ముగ్గురి బతుకూ ఆ పడుగు మీదే. పెండ్లి వైశాఖంలో. చీర సగం కూడా కాలేదు, ఉన్న సగంలో అతుకులు. గోటితో రాస్తే తెలిసిపోతాయి. షావుకారు వచ్చి చూసి, ఇంకో పదహైదు దినాలు చూస్తాను, లేకుంటే పడుగు కోసుకుని పోతానన్నాడట. నేత పూర్తికాకముందే మగ్గం మీద పడుగు కోయడమంటే నేతగాళ్ల ఇళ్లలో అంతకు మించిన అవమానం లేదు. ఒకసారి కోశాక ఆ మగ్గానికి ఇంకో షావుకారు పట్టు ఇవ్వడు. మగ్గం ఎత్తి అటక మీద పెట్టుకోవాల్సిందే. గంగాధర్ ధర్మవరంలో పని వెతుక్కోవడం అందుకే.

మస్తాన్‌కు అక్కడినుంచే ఫోన్ చేశాను. "మస్తాన్, మనం వేసిన సిమెంటంతా పగలగొట్టాలి. రేపు పొద్దునకు రా."

"మేడమ్, ఆరోగ్యం బాగుండాదా?" అన్నాడు.

కారణం చెప్పాను. "గోడ సంగతి నాకు తెల్సు, మగ్గం సంగతి నాకేం తెల్సు మేడమ్? తెల్సుంటే అప్పుడే మీతో జగడం పెట్టుకుంటాంటి" అన్నాడు. ఆయన అలా జగడం పెట్టుకోవాల్సిందని నాకూ అనిపించింది.

మూడు రోజులు పగలగొట్టాము. లక్ష్మీదేవి పడుగు మీద దుమ్ము పడకుండా తడిగుడ్డలు కప్పి, దాని చుట్టూ చీరలతో తెర కట్టింది. నేను కట్టించిన నేలను నా కళ్లముందే గడ్డపారతో లేపుతుంటే, ప్రతి దెబ్బా నా వీపు మీద పడుతున్నట్టే ఉంది. మంచిదే అనుకున్నాను. అటువైపు మస్తాన్ ఎర్రమట్టి, పేడ, గడ్డిముక్కలు కలిపి తొక్కి మురగబెట్టాడు. నేను కూడా చెప్పులు విడిచి మట్టి తొక్కాను. ఓబులేసప్ప అరుగు మీద నుంచి, "ఇంజనీరమ్మ ఇప్పుడు సరైన కాలేజీలో చేరింది" అని దారిన పోయేవాళ్లకు చెబుతూ కూర్చున్నాడు. ఊరు ఊరంతా వచ్చి చూసింది.

పాతకుండలను అప్పట్లో తవ్వి తీయించకుండా ఇసుక నింపించి, పైన కాంక్రీటు పోయించాను. తీస్తే రెండు బాగానే ఉన్నాయి. లక్ష్మీదేవి గుంత పక్కది మాత్రం పగిలింది. పక్క ఊరి కుమ్మరి దగ్గరికి నేనే పోయాను. నీళ్లు ఊరే కుండ కావాలన్నాను. "ఊరని కుండ అడిగేవాళ్లను చూసినా గానీ, ఊరేది అడిగేవాళ్లను ఇప్పుడే చూస్తాండా" అని ఆయన ఏరి ఒకటి ఇచ్చాడు.

చెదల భయం మాత్రం ఉంది, అది అబద్ధం కాదు. దానికి దారి చూశాను. తడి, చెద పైకి పాకకుండా ఇనుప దూలం కింద గోడలో రాతిదిమ్మ వేయించాను. ప్రతి నెలా గోడల వెంట చెదపుట్ట కోసం చూసుకుని వేపనూనె పూయమని గంగాధర్‌కు చెప్పాను. చెదలకు ఇంకో మందు ఉంది, పట్టుపోగుకు ఇంకో మందు లేదు. ఈ ముక్క ఫిబ్రవరిలోనే నా బుర్రకు తట్టి ఉంటే బాగుండేది.

అలికిన నేల ఆరాక కుండలు నింపారు. మొదటిరోజు ఏం మారలేదు. రెండోరోజూ అంతే. ఎండిపోయిన మట్టి ముందు తన దాహం తీర్చుకుంటుంది, తర్వాతే గాలికి ఇస్తుంది. నేను అనంతపురం పోకుండా పడసాలలోనే పడుకుని, హైగ్రోమీటర్ పట్టుకుని తిరిగాను. అది గాలిలో తేమను చూపే చిన్న గడియారం లాంటి పనిముట్టు. ముల్లు కదలడం లేదు. షావుకారు గడువులో అప్పటికే సగం పోయింది. నాకు అన్నం దిగలేదు.

అయిదో రోజు పొద్దున ముల్లు కదిలిందని నేను చెప్పబోతుంటే, లక్ష్మీదేవి నా పరికరం వైపు చూడనేలేదు. ఎడమచేతి వెనకవైపు పోగుల మీద ఆనించింది. "వచ్చింది" అంది. కూర్చుంది. నాడె పోతోంది, వస్తోంది. నేను టిక్కు కోసం చెవులు రిక్కించి ఎదురుచూశాను. బెత్తెడు అయింది. జానెడు అయింది. ఒక్క పోగూ తెగలేదు. ఆమె తల ఎత్తకుండానే, "అక్కా, ఇంగ నువ్వు పోయి సద్ది తిను" అంది.

అంతకుముందు నేసిన భాగంలో పడిన అతుకులను ఆమె ఒక్కొక్కటిగా సరిచేసుకుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి వెలుగు ఉన్నంతసేపు నేసింది. మధ్యలో ఓబులేసప్ప కూర్చుని సాయం పట్టాడు. గంగాధర్ తిరిగొచ్చి తన మగ్గం ఎక్కాడు. గడువుకు ఒకరోజు ముందే చీర అయింది.

షావుకారు వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. పెద్దమనిషి, తెల్లచొక్కా, చేతిలో భూతద్దం. చీరను అరుగు మీద పరిపించి, గోటితో కొస నుంచి కొస దాకా రాసుకుంటూ పోయాడు. ఎక్కడా ఆగలేదు. చివరికి కళ్లద్దాలు తీసి లక్ష్మీదేవిని చూశాడు. "ఏమమ్మా, పోయిన నెల పోగు నిలబడకపాయ. ఇప్పుడెట్ల నిలిచె?"

లక్ష్మీదేవి తడుముకోలేదు. "ఇంజనీరక్క వచ్చి సాల బాగు చేసింది షావుకారూ. ఆయక్క పుణ్యమే" అంది.

ఆమె అబద్ధం ఆడలేదు. సగం చెప్పి, మిగతా సగం నా మర్యాద కోసం దాచిపెట్టింది. పగిలిన పాదాలతో నిలబడి నా పరువు కాపాడుతోంది. షావుకారు నా వైపు తిరిగి దండం పెట్టబోయాడు. ధర్మవరంలో ఈయనకు తెలియని నేతగాడు ఉండడు. ఈయన నోట మంచిమాట వస్తే నాకు ఎన్ని ఇళ్ల పని వస్తుందో ఆ క్షణంలో నాకు బాగా తెలుసు.

"అది సగం మాట అన్నా. పోయిన నెల పోగులు తెగింది నా వల్లే. మగ్గం పక్కన నీళ్ల కుండలు నేనే మూయించినా. ఓబులేసప్ప నాయన వద్దన్నాడు, నేనే వినలేదు. ఈ పిల్ల చేతిలో ఏ తప్పూ లేదు. రేపు ఇంకెవరి ముందైనా ఈ మగ్గం మాట వస్తే ఈ సంగతి కూడా చెప్పండి" అన్నాను.

షావుకారు చీర మడత పెడుతూ, "నా వయసులో ఇంజనీర్లను చానామందిని చూసినా. నేను చెడిపినా అన్నోళ్లను ఈ పొద్దే చూస్తాండా" అన్నాడు. తర్వాత లక్ష్మీదేవితో, "రేపు మనిషిని పంపు, ఇంకో పడుగు తీస్కపోతాడు" అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

వెళ్లేముందు ఓబులేసప్పకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన పూర్తిగా చెప్పనివ్వలేదు. "ఊరుకో తల్లీ. ఆ దూలం నువ్వు నిలబెట్టకుంటే మిద్దె మా నెత్తిన పడ్తాండె. అప్పుడు తడి పట్టేకి గోడ యాడుంటాది?" అన్నాడు. ఆయన మంచితనం నా తప్పును చిన్నది చేయలేదు. ఇంకా పెద్దదిగా కనబడేలా చేసింది.

ఆ తర్వాత నా పని తీరు మారింది. పాత ఇల్లు చూడబోతే మొదటి రోజు కొలతలు తీసుకోను. ఇక్కడ ఏం పని చేస్తారు, ఎక్కడ కూర్చుని చేస్తారు అని అడిగి, ఆ చోటే కాసేపు కూర్చుంటాను. రిపోర్టులో లోపాలు అనే మాట రాసేముందు, దీన్ని ఎవరైనా కావాలని పెట్టుకున్నారా అని ఒక వరుస రాసుకుంటాను. సగం సార్లు ఏమీ ఉండదు, నిజంగా లోపమే అవుతుంది. మిగతా సగం కోసం ఆ వరుస ఉంది.

పోయిన నెల బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో కంబళ్లు నేసే ఇంటికి పిలిచారు. గోడలో మోకాలెత్తున ఒక కంత ఉంది. పాములొస్తాయి, మూసేయండని ఇంటాయన అడుగుతున్నాడు. మూల కూర్చున్న ముసలావిడ ఏదో గొణిగింది. "మా అవ్వకు చాదస్తం మేడమ్, పట్టించుకోవద్దు. మీరు రాసుకోండి" అన్నాడాయన.

నేను పుస్తకం మూసి, పోయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాకు సరిగా వినబళ్లేదు. ఇంకోసారి చెప్పవ్వా" అన్నాను.